టాలట్‌లో నార్వే నాటకం

మొన్న ఆదివారం మా మేనకోడలు డబ్లిన్‌లో ఓ నాటకం చూసి, హాలు మెట్ల మీద నిలబడే నాకు ఫోన్ చేసింది. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఈ ఊరి యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది. నాటకం గ్రాండ్‌గా ఉందట. చివర్లో ఇల్లాలు మొగుణ్ణి వదిలేసి తలుపు తీసుకుని వెళ్ళిపోయిందట. వాళ్ళమ్మ కూడా ఒకసారి ఇలాగే చేసిందని ఎవరో ఆంటీ అనగా విన్నదట, నిజమేనా అత్తా అని అడిగింది. నేను డాక్టర్ని, ఎంతటి ప్రశ్నకైనా మొహం మారకుండా జవాబు చెప్పడం నా వృత్తి. అయినా మీ అమ్మనే అడగమని ఫోన్ పెట్టేశాను. ఆ పిల్ల అడిగింది ఎన్నో ఏళ్ళ కిందటి ఓ ఉగాది మధ్యాహ్నం సంగతి.

ఆ నాటకం రాసినాయన నార్వేవాడు. పేరు చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిందే కనుక చెప్పను. ఆ పిల్ల తండ్రి, మా అన్నయ్య కూడా ఎన్నడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. తెనాలిలో మాకేదో వేలు విడిచిన బంధువైనట్టు ‘పెద్దాయన’ అనేవాడు. కాలేజీ రోజుల్లో పరిషత్తు నాటకాలు ఆడిన మనిషి, డబ్లిన్ పక్క లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. వంటింట్లో ప్రెస్ తలుపు మీద, ఇక్కడ అల్మారాని అలాగే అంటారు, పెద్దాయన ఫోటో అంటించాడు. రెండు చెంపల మీదా తెల్లగా గుబురుగా గడ్డం, బిగించిన పెదాలు. కందిపప్పు డబ్బా కోసం తలుపు తీసిన ప్రతిసారీ ఈయన నన్ను తప్పు పట్టినట్టు చూస్తాడు అని వదిన విసుక్కునేది.

అవి రిసెషన్ రోజులు. సగం కట్టి వదిలేసిన ఇళ్ళ వరసలు ఊరి చివర్న బోసిగా నిలబడి ఉండేవి. మన వాళ్ళ ఇళ్ళలో పుట్టినరోజు పార్టీలు తగ్గి, వీడ్కోలు పార్టీలు పెరిగాయి. ఒకరి ఉద్యోగం గురించి ఒకరు అడగడం మర్యాద కాదని అందరూ మాట్లాడుకోకుండానే తీర్మానించుకున్నట్టుండేది. ఆ ఏడు ఉగాదికి ఇండియా నుంచి కళాకారుల్నెవర్నీ పిలిపించే స్తోమత మా తెలుగు సంఘానికి లేక, మనమే ఏదో ఒకటి ఆడదామనుకున్నారు. అన్నయ్య వెంటనే పెద్దాయన రాసిన ఆ నాటకాన్నే గుంటూరు సంసారంగా మార్చి రాసుకొచ్చాడు. రిహార్సల్ అంటే సగం సేపు పెద్దాయన జీవితచరిత్రే. చిన్నప్పుడు తండ్రి వ్యాపారం చితికిపోయి, చుట్టాలతో కళకళలాడిన ఇల్లు వదిలి ఊరి బయటికి పోవడం, ఈడు రాకముందే మందుల కొట్లో పనికి కుదరడం, తర్వాత దేశం విడిచి ఇటలీ, జర్మనీల్లో ఏళ్ళ తరబడి ఉంటూ అక్కడ కూర్చుని నార్వే ఇళ్ళలోని అబద్ధాల గురించే రాయడం. ఆ తండ్రి సంగతి వచ్చినప్పుడల్లా అన్నయ్య గొంతు కొంచెం బొంగురుపోయేది. నటుడు కదా, అనుకునేదాన్ని.

కమిటీ వాళ్ళు స్క్రిప్టు చదివి కంగారు పడ్డారు. ఉగాది పూట ఇల్లాలు గడప దాటి పోవడమేమిటి, ముగింపు మార్చండి అన్నారు. అన్నయ్య రెండు రోజులు అన్నం మానేసినంత పని చేసి, చివరికి దిగొచ్చాడు. పెద్దాయనకీ తప్పలేదట. జర్మనీలో ఒక నటి, పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లిగా నేను చెయ్యనంటే, ఇంకెవరో పాడు చేసే బదులు తనే చేతులారా ఇల్లాలు ఆగిపోయే ముగింపు రాసిచ్చి, తర్వాత దాన్ని తలుచుకుని తిట్టుకున్నాడట. అలా మా ఇల్లాలు కూడా ‘నేనెక్కడికీ వెళ్ళను’ అని కూలబడేట్టు, తెర పడ్డాక అందరూ పులిహోరకి వెళ్ళేట్టు ఖాయమైంది. మొగుడి వేషం అన్నయ్యదే. ఇల్లాలి వేషం ఎవరూ వేయనంటే వదిన ఒప్పుకుంది. జన్మలో స్టేజి ఎక్కని మనిషి. ఎందుకమ్మా నీకీ తంటా అని నేనంటే, ఆ చలికాలమంతా అన్నయ్య ఇంట్లో నోరు విప్పడం లేదనీ, రిహార్సల్‌లో మాత్రం తన కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నాడనీ సిగ్గుపడుతూ చెప్పింది.

నాకు ప్రాంప్టర్ పని అప్పజెప్పారు. మన నాటకాలు తెలిసినవాళ్ళకి దీని విలువ తెలుసు. పక్క తెర చాటున స్క్రిప్టు పట్టుకుని, నటులు మర్చిపోయిన మాటల్ని ప్రేక్షకులకి వినపడకుండా వాళ్ళకి అందించాలి. స్టేజి మీద తర్వాత ఏం రాబోతోందో హాలు మొత్తంలో ప్రాంప్టర్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేనూ ఆ ధీమాతోనే, డబ్లిన్ శివార్లలో, టాలట్‌లోని ఒక హాల్లో కొబ్బరికాయ కొట్టి మూడో బెల్లు మోగించగానే, మడత కుర్చీలో కూర్చున్నాను.

చివరి రంగం దాకా అన్నీ సవ్యంగా జరిగాయి. మొగుడు ఇల్లాల్ని క్షమాపణ అడగాల్సిన చోట అన్నయ్య ఆగిపోయాడు. నేను మాట అందించాను. అందుకోలేదు. ఇంకొంచెం గట్టిగా అందించాను. అన్నయ్య నా వైపు చూడలేదు, ప్రేక్షకుల వైపూ చూడలేదు.

“దసరా నుంచీ నాకు ఉద్యోగం లేదు. నువ్వు కట్టిచ్చిన క్యారేజీ రోజూ లైబ్రరీలో కూర్చుని తింటున్నాను. జీతమని నీకిస్తున్నది కంపెనీవాళ్ళు పంపేస్తూ ఇచ్చిన సొమ్ము” అన్నాడు.

నేను గబగబా పేజీలు తిప్పాను. ఒక కాగితం ఎగిరిపోయి ఉంటుందనే అనుకున్నాను. ఆ మాటలు ఎక్కడా లేవు. అప్పుడర్థమైంది, ఇది నాటకం కాదని. రోగుల తాలూకు వాళ్ళకి చెడ్డ కబురు చెప్పడం నాకు కొత్త కాదు. వేరే గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, వాళ్ళు అడిగినంతసేపూ జవాబు చెప్పాలని మాకు నేర్పుతారు. ఇదేమిటి, రెండొందల మంది ఎదుట? హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. రిసెషన్‌ని భలే కలిపాడయ్యా అని ముందు వరసలో ఎవరో మెచ్చుకోవడం నాకు స్పష్టంగా వినిపించింది. వదిన మొహంలో నెత్తురు లేదు. నాకేమీ తోచక, పిచ్చిదానిలా ఆమె మాట ఆమెకి అందించాను: “నేనెక్కడికీ వెళ్ళను.”

వదిన నా వైపు తిరిగి చూసింది. తర్వాత స్టేజి ముందు మెట్లు దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి, తలుపు లాగి వెళ్ళిపోయింది. ఇంకా పెద్ద చప్పట్లు. కమిటీ ప్రెసిడెంటు గారు నా దగ్గరికొచ్చి, ముగింపు మార్చమన్నాం కదమ్మా అని కోప్పడ్డారు.

నేను అప్పటికింకా చంక దిగని మేనకోడల్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. కారు పార్కులో ఆ ఈదురుగాలికి, ఒంటి మీద కోటన్నా లేకుండా, పట్టుచీరతో వదిన నిలబడి ఉంది. డబ్లిన్‌కి ఉత్తరాన డ్రోహెడాలో మా ఇంటికి తీసుకెళ్ళాను. మోటార్‌వే ఎక్కాక, పోయిన ఉద్యోగం మళ్ళీ వస్తుంది వదినా అని నేనే అన్నాను.

“ఉద్యోగం కాదమ్మాయ్. ఇంట్లో చెప్తే నేను అడుగుతాను కదా, ఎందుకు దాచారని. స్టేజి మీదైతే నా నోట్లో ఆయన రాసిచ్చిన మాటలే ఉన్నాయి. అందుకే అక్కడ చెప్పారు” అంది.

ఆ మాట వినేదాకా నేను అన్నయ్య ధైర్యం చేశాడనే అనుకున్నాను. వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది.

ఆ వారంలోనే అన్నయ్య బస్సు పట్టుకుని వచ్చాడు, గడ్డం పెరిగి, తప్పు చేసిన పిల్లాడిలా. వాళ్ళని ముందు గదిలో కూర్చోబెట్టి తలుపు మూసి నేను డ్యూటీకి పోయాను. తిరిగొచ్చేసరికి కూడా వదిన అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. కొన్నాళ్ళకి ఆమె ఇంటికి వెళ్ళింది. ముందు ఆమెకే, వృద్ధుల్ని చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో పని దొరికింది. ఆ ఏడంతా అన్నయ్యే క్యారేజీ కట్టిచ్చాడు. నాటకం మాత్రం మళ్ళీ రాయలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి, ఇద్దరం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నప్పుడు, ఎలా తిరిగి వెళ్ళగలిగావు వదినా అని అడిగాను. చేతిలో పని ఆపకుండా, “తిరిగి వెళ్ళానని ఎవరన్నారు? ఇంకా వెళ్తూనే ఉన్నాను” అంది. ఆ హాలు తలుపు దాటడానికి ఆవిడకి నిమిషం పట్టలేదు. వెనక్కి వచ్చే దారి ఎన్నేళ్ళు నడవాలో నార్వే పెద్దాయన కూడా ఎక్కడా రాయలేదు.