గురమ్మ తలకిందుల అక్షరాలు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో గురమ్మ ఇల్లెక్కడని అడిగితే ఏ గురమ్మ అని మిమ్మల్నే ఎదురడుగుతారు. పొడుపుకథల గురమ్మ అనండి, ఆడుకుంటున్న పిల్లలు ఆట మానేసి మరీ వెంట వస్తారు. వచ్చేవాళ్లు ఊరికే వస్తారా? దారిలో మీకో పొడుపుకథ వేస్తారు, విప్పలేకపోతే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతారు. నవ్వనీయండి, మన సొమ్మేం పోయింది.

వాళ్లు వేసేది గురమ్మ నేర్పిందే. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట, నిలబెట్టినా అదే, తలకిందులు చేసినా అదే, అది వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది, ఏమిటది? నూన్. ఎన్, ఓ, ఓ, ఎన్. నమ్మకపోతే పెద్దక్షరాలతో కాగితం మీద రాసి తిప్పి చూసుకోండి. ఇంకోటుంది. ఐదక్షరాలది, నీళ్లలో మునకేసినా రూపం మారదు. అది స్విమ్స్. రెండు కొసల్లోని ఎస్సులు ఎటు తిప్పినా ఎస్సులే, నడుమనున్న ఐ సంగతీ అంతే. డబ్ల్యూ తిరగబడి ఎమ్ అవుతుంది, ఎమ్ తిరగబడి డబ్ల్యూ అవుతుంది, రెండూ చక్కగా ఒకదాని చోట్లో ఒకటి కూర్చుంటాయి. చివరికి ఆధార్ కార్డులో ఆమె పుట్టిన సంవత్సరం కూడా అలాంటిదే, 1961. పుట్టుకే అట్ల పుట్టినానప్పా, ఇంక నన్నేం చేయమంటారు అంటుంది.

బడి గడప తొక్కని మనిషికి ఇంగ్లీషు అక్షరాలెక్కడివంటే, నూలు బేళ్ల మీద అచ్చు వేసి ఉండేవి. వాటి పేర్లూ, ఆ మాటల అర్థాలూ వీధి పిల్లలు చెప్పారు. సరే, లోకంలో ఇన్ని రకాల పొడుపుకథలుండగా ఈ తలకిందుల పిచ్చి ఎందుకు పట్టిందనేది మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మనం మనం అనుకోవాల్సిన మాట కాబట్టి చెబుతున్నాను.

చిన్నప్పుడు వాళ్ల నాయన అరుగు మీద కూర్చుని కొడుకుకు పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. ఆడపిల్లకు చదువెందుకన్న కాలం. గురమ్మ ఎదురుగా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చేతులు కండెల మీద, కళ్లు పలక మీద. అన్నకు రెండు నెలలు పట్టిన గుణింతం ఆమెకు నెలలో వచ్చేసింది. వచ్చిందంతా తలకిందులుగా వచ్చింది. ఎదురుగా కూర్చుంటే అలాగే కదా కనిపించేది! నాటి నుంచి నేటి దాకా కాగితం తలకిందులుగా పట్టుకుంటేనే ఆమె గడగడా చదవగలదు. నేరుగా పెడితే అక్షరం ముక్క అర్థం కాదు.

పేపరంటే తిప్పుకోవచ్చు, బస్సు బోర్డును తిప్పగలమా? ఒకసారి ఆలూరుకని బయలుదేరి ఆదోని బస్సెక్కింది. దిగాక తెల్లబోయింది కానీ, ఎలాగూ వచ్చాను కదా అని సంచి నిండా పచ్చి శెనక్కాయలు కొనుక్కుని వచ్చి, వాటికోసమే పోయినానని ఇంట్లో కోతలు కోసింది. ఎవరైనా చదవమని కాగితం చేతికిస్తే కళ్లజోడు దొరకలేదంటుంది. నవ్వులాటగానే నెట్టుకొచ్చింది గానీ లోపల సిగ్గు ఉండేది. ఎటు తిప్పినా మారని ఆ నాలుగైదు అక్షరాల దగ్గర మాత్రం ఆమెకు ఏ బెదురూ లేదు. అక్కడ ఆమెకూ ఊరికీ తేడా లేదు.

ఇంతలో కొడుకు సోమశేఖర్‌కు పెళ్లి కుదిరింది. అమ్మాయి పేరు హర్షిణి, రాజంపేటలో బడిపంతులమ్మ. గురమ్మకు సంతోషం ఒక పక్క, గుండెల్లో రాయి ఒక పక్క. పొద్దస్తమానం పిల్లల చేత చదివించే కోడలు ఇంట్లో తిరుగుతూ ఉంటే ఎన్నాళ్లని కళ్లజోడు పారేసుకోవడం? అత్తకు చదువే రాదనుకుంటే ఫరవాలేదు. పేపరు తలకిందులుగా పట్టుకుని చదివినట్టు నటిస్తోందనుకుంటే?

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు గడప దాటేటప్పుడు కట్టుకునే చీర ఇంటి మగ్గం మీదే నేయాలి, కొంగు చివర ఆమె పేరు ఉండాలి. పేర్లు నేసేది ఎప్పుడూ గురమ్మ భర్త ఉరుకుందప్పే. సరిగ్గా పెళ్లి ముందర ఆయన అరుగు మెట్టు మీద జారి మణికట్టు బెణికించుకున్నాడు. పని గురమ్మ మీద పడింది. ఎవరూ ఇంట్లో లేని పూట చూసి, కొడుకు రాసిచ్చిన పేరును మగ్గానికి గుచ్చుకుని, వెదురు పుల్లతో పోగులెత్తుతూ ఎర్ర జరీతో హర్షిణి అని నేసింది. వాళ్ల మగ్గం మీద చీర కొంగుతోనే మొదలవుతుంది. నేసేవాళ్లకు నేరుగా కనబడిన అక్షరమే కట్టుకున్నాక చూసేవాళ్లకూ నేరుగా కనబడుతుంది. గురమ్మ తన కంటికి నేరుగా కనబడేటట్టే నేసింది. శానా కుదిరిందని మురిసిపోయింది. కొంగు, నేసిన బట్టను చుట్టే దోనె లోపలికి పోయింది, మిగతా చీర పూర్తయింది, మడత పడింది, రాజంపేటకు చేరింది.

పెళ్లయ్యాక కొత్త జంట ఎమ్మిగనూరు వచ్చింది. గురమ్మ హారతి పళ్లెం పట్టుకుంది. కూతురు శివలీల గడపకు అడ్డంగా నిలబడి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి వదలనని వదినను ఆటపట్టిస్తోంది. అంతలో వెనకనున్న చుట్టాలావిడ ఒకామె కొంగు చూసి ఫక్కుమంది. పేరు తలకిందులుగా ఉంది. తలకట్టు కిందికి, గుడులు కాళ్ల దగ్గరికి వచ్చాయి. ఆమె పక్కామెకు చూపింది, పక్కామె ఇంకొకరికి. వీధి వీధంతా నవ్వుతోంది. పొడుపుకథల గురమ్మ కోడలి పేరు మీద కూడా పొడుపుకథ వేసిందని ఎవరో అన్నారు.

గురమ్మ ఇంక అయిపోయింది అనుకుంది.

ఉరుకుందప్ప గబగబా ముందుకొచ్చాడు.

"ఆ పేరు నేసింది నేనప్పా. చెయ్యి నొప్పిలో ఏది ఎటో చూసుకోలే."

చేతికి కట్టుతో నిలబడి అంత నున్నగా అబద్ధం చెబుతున్న మొగుడి వైపు గురమ్మ తేరిపార చూసింది. ఆయన కళ్లు దించుకున్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఈయనకు తెలుసు. ఇన్నేళ్లుగా తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, ఆ ఊపులో భయం కాస్తా కొట్టుకుపోయింది.

"ఆయప్ప కాదు, నేనే నేసినా," అంది పైకే. "నాకు అక్షరాలు తలకిందులుగానే వచ్చు. ఎదురుగా కూర్చోని నేర్చుకున్నా. నేరుగా పెడితే నేను చదవలేను."

నవ్వులు ఆగిపోయాయి. శివలీల నోరు తెరుచుకుని అమ్మను చూస్తోంది. హర్షిణి మాత్రం కొంగును కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని, తల వంచి చూసుకుంది.

"నాకు నేరుగానే ఉండాది కదత్తా," అంది.

నిజమే మరి. ఎదుటివాళ్లకు తలకిందులుగా ఉన్నది కట్టుకున్నామె వంగి చూసుకుంటే నేరుగా ఉంటుంది. అందరి కొంగుల మీది పేర్లూ ఊళ్లోవాళ్లు చదువుకోవడానికి, నా ఒక్కదాని పేరే నేను చదువుకోవడానికి అని కోడలు మెల్లగా అంటుంటే గురమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హర్షిణి కొంగు చివర రెండు చేతులా పట్టి అత్త ముందు చాచింది.

"చదువత్తా. అందరూ వింటారు."

గురమ్మ హారతి పళ్లెం మొగుడి మంచి చేతికిచ్చింది. చుట్టాలంతా ఆమె పక్కనే మూగి, ఒకరు మెడ పక్కకు వాల్చి, ఒకరు నడుం వంచి, ఇంకొకరు తల దాదాపు నేలకానించి ఆ ఎర్ర అక్షరాలు పట్టుకోవాలని తిప్పలు పడుతున్నారు. వాళ్లందరి మధ్య గురమ్మ ఒక్కతే మెడ నిటారుగా పెట్టి నిలబడి, వీధి చివరి దాకా వినిపించేటట్టు కోడలి పేరు చదివింది.