పసుపు గుడ్డలో పావలాలు

మొన్న ఆదివారం, మా పుదుచ్చేరిలో వారం వారం రోడ్డు పక్కన జరిగే సంతకు వెళ్ళి, పాత నాణేలు గుడ్డ మీద పరుచుకుని కూర్చున్న మనిషి ముందు వంగి, పావలాలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు, ఒక్కోటి ఇరవై రూపాయలన్నాడు, ఎన్ని కావాలన్నాడు. ధర వినేసరికి కోపం వచ్చింది. ఒకప్పుడు దోసిళ్ళతో ఎత్తి పోసిన పావలాను ఇరవై ఇచ్చి కొనుక్కునే గతి పట్టిందే అన్నది కోపం. ఎన్ని అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషికీ నాకూ నలభై ఏళ్ళుగా మాటల్లేవు. చివరికి వాడి దగ్గరున్న పంతొమ్మిదీ సంచీలో పోయించుకుని, బేరం కూడా ఆడకుండా వచ్చేశాను.

అంతకు రెండు రోజుల ముందు మా అమ్మాయి ఫోన్ చేసి, వచ్చే నెల అందరం తిరుపతి వెళ్తున్నాం, పాత మొక్కులేమైనా మిగిలిపోయి ఉంటే చెప్పు, తీర్చేద్దాం అంది. ఏమీ లేవని చెప్పి పెట్టేశాను. అబద్ధం చెప్పాను. తన పేరు మీద కట్టిన ముడుపే ఒకటి తీరకుండా ఉంది. కట్టింది నేను కాదు, మా తోడికోడలు, అంటే మా ఆయన అన్నగారి భార్య. ఆ ముడి విప్పి పాడు చేసింది మాత్రం నేనే. మా ఊరి తెలుగువాళ్ళలో చాలామందిలాగే ఆమెకు తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు, చదివి వినిపించేవాళ్ళూ ఆ ఇంట్లో లేరు, కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.

అప్పట్లో మా అత్తగారింటికి ఆధారం బట్టల మిల్లు. మామగారు అక్కడే పనిచేసి పోయారు, ఆయన తరవాత మా బావగారు, మా ఆయన అందులోనే చేరారు. మిల్లు గేటుకు నాలుగిళ్ళ అవతల, మా ఇంటి అరుగు మీదే అత్తగారు ఇడ్లీ అంగడి నడిపేది. షిఫ్టు వదిలిన గంటలో అరుగు నిండిపోయేది. తినేవాళ్ళంతా కూలీలే కాబట్టి నోటు కంటికి కనబడేది కాదు, మొత్తం చిల్లరే. వచ్చిన దాంట్లో రేపటి బియ్యానికీ మినప్పప్పుకూ తీసి, మిగిలింది వంటింటి మూల ఇత్తడి అండాలో పోసి, మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టేది. అండాలో చిల్లర పడే చప్పుడు విని ఆ రోజు వ్యాపారం ఎలా సాగిందో పక్కింటివాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ పొత్రం ఎత్తే హక్కు ఇంట్లో ఆమెకు తప్ప ఇంకెవరికీ లేదు.

నేను చిన్నకోడల్ని, అదే మిల్లులో పనిచేసే ఇంకొకరి కూతుర్ని. మా తోడికోడలు ఊరవతల బాహూరులో పొలాలున్న ఇంటి పిల్ల, ఆ పొలాలు ఆమె నడకలోనే కనబడేవి. మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకు మా నాన్న ఒక గొలుసు తెచ్చి బిడ్డ మెడలో వేస్తే, వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ ఆమె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, కొంగుకేసి రుద్ది చూసి, ‘కవరింగా?’ అంది. అంతే అంది. నాన్న ఆకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అది కవరింగే. నిజం బంగారమై ఉంటే నా కోపం వారంలో చల్లారి ఉండేది. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాను, ఆమె నాకంటే గట్టిగా మానేసింది. ఒకే అరుగు మీద ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆకులు వేస్తూ, అవసరమైనప్పుడల్లా మధ్యలో అత్తగారిని నిలబెట్టేవాళ్ళం. ‘అత్తా, ఉప్పు డబ్బా యాడ పెట్టిందో అడుగు’ అని నేను, ‘యాడుండాల్నో ఆడనే ఉండాదని చెప్పత్తా’ అని ఆమె. అత్తగారు ఇంట్లో లేని పూట ఇద్దరం రుబ్బురోలుతో చెప్పుకునేవాళ్ళం.

అమ్మాయికి ఆరేళ్ళున్నప్పుడు మిల్లుకు తాళం పడింది. అన్నదమ్ములిద్దరికీ జీతాల్లేవు, మా దగ్గర తినేవాళ్ళకూ జీతాల్లేవు, పొద్దున పెట్టిన ఇడ్లీలు సాయంత్రం మేమే తినేవాళ్ళం. కొన్ని నెలలు అలా ఈడ్చాక, బియ్యం డబ్బా అడుగు కనబడిన రోజు మధ్యాహ్నం అత్తగారు పొత్రం దించి, అండాను కొడుకులిద్దరి చేతా నడవలోకి ఈడ్పించి పాత చీర మీద బోర్లించింది. మమ్మల్నిద్దరినీ గుట్టకు చెరో పక్కన కూర్చోబెట్టి, తను మధ్యన కూర్చుని, నోళ్ళు కట్టేసుకుని చేతులు ఆడించండి చాలంది.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పటి నాణేలు కళ్ళు మూసుకున్నా చేతికి తెలిసేవి. అయిదు పైసలు నలుపలకలుగా ఉండేది, పది పైసల అంచంతా వంకులు, ఇరవైకి ఆరు మూలలు, పావలా గుండ్రంగా చిన్నగా, అర్ధరూపాయి అదే గుండ్రంతో కాస్త పెద్దది. అత్తగారు ఇరవై పావలాలు ఒక్కసారి లెక్కపెట్టి దొంతరగా నిలబెట్టేది, ఇక లెక్క అక్కర్లేదు, దాని పక్కనే మిగతావి పేర్చుకుంటూ పోయి పైన అరచేత్తో రాస్తే ఎక్కడ ఒకటి ఎక్కువైందో ఎక్కడ తగ్గిందో చేతికి తగిలేది. ఒక్కో దొంతరనూ చింపేసిన కాలెండరు కాగితంలో చుట్టి, కొసలు మడిచి, అన్నం మెతుకుతో అంటించేవాళ్ళం. మా తోడికోడలు చుట్టినవి బిగువుగా ఉండేవి. నావి వదులు, పట్టుకుంటే మధ్యలో వంగేవి. అది చూసి ఆమె నవ్వుకుంటోందేమోనని ఓరగా చూడటంలోనే నాకు సగం మధ్యాహ్నం గడిచింది.

అందుకే కనబడింది. గుట్ట సగానికి తగ్గేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గుడ్డముడి లాంటిదేదో తీసి, తల ఎత్తకుండానే నడుములో దోపుకుంది. దొరికింది దొరసాని అని నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. వెంటనే అనలేదు. కవరింగు మాట ఆమె నలుగురిలో అంది కదా, దీనికీ నలుగురు ఉండాలని మగవాళ్ళిద్దరూ నడవలోకి వచ్చేదాకా ఆగి, ‘నడుములో ఏందది? తీసి బయట పెట్టు’ అన్నాను. అయిదేళ్ళలో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట. ఆమె ‘సుమ్మా ఉండు’ అని ఊరికే ఉండమంది. చెయ్యి వేసి లాగేశాను.

చేతికి వచ్చింది చిన్న మూట. నూనె జిడ్డుకు నల్లబడి పైకి మసిగుడ్డలాగే ఉంది గానీ, ముడి వదులు చేసేసరికి మడతల లోపల పసుపు కనబడింది. పసుపు గుడ్డలో నాణేలు కట్టి ఉంటే అది ఏడుకొండలవాడి ముడుపని తెలియని తెలుగింటి ఆడది ఉండదు. నాకూ తెలిసింది. తెలిసి కూడా, అందరూ చూస్తున్నారు కాబట్టి, ఇప్పుడు వెనక్కి తగ్గితే ఆమె ముందు ఓడిపోతాను కాబట్టి, ‘ఇంటి సొమ్ము ఇంట్లోనే ఉండనీ’ అంటూ పావలాల గుట్టలోకి దులిపేశాను. చూసుకోలేదని, తెలియక చేశానని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

అత్తగారు నెత్తి కొట్టుకుంది. ‘నీ బిడ్డకు కామెర్లు వచ్చినప్పుడు కట్టిండే ముడుపే అది. బతికితే తల్లి చేత్తోనే హుండీలో వేయిస్తానని మొక్కుకొనుండె గదా’ అంది. నా బిడ్డ నాలుగో ఏట పెద్దాసుపత్రిలో పడి ఉన్నప్పుడు, నేను దాని మంచం పక్కన చాప మీద కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నప్పుడు, ఇంట్లో మా తోడికోడలు మొక్కుకుందట. తల్లి చేత వేయించాలంటే తల్లితో మాట్లాడాలి. మాట్లాడదు. మొక్కు మాట అత్తగారి చేత చెప్పించడానికీ ఒప్పుకోలేదట, అందుకని అత్తగారి చేత పొత్రం ఎత్తించి రెండేళ్ళుగా దేవుణ్ణి అండా అడుగున కూర్చోబెట్టింది. వడ్డీ పైసా వదలడని పేరున్న ఆయన కూడా మా పంతాల ముందు కాచుకుని ఉండాల్సి వచ్చింది.

ముడుపు పావలాలు మిగతా వాటిలో కలిసిపోయాయి, ఏవి ఏవో ఇక తెలియదు. కనీసం ఎన్నో తెలిస్తే అన్ని ఏరి మళ్ళీ కట్టుకోవచ్చని అత్తగారు ఆమెను బతిమాలింది. ఆమె నా వైపు చూడకుండా, చేతిలో ఉన్న చుట్టకు మెతుకు అంటిస్తూ, ‘అడగాల్సినోళ్ళు అడగనీ’ అంది. ఎన్ని అక్కా అంటే సరిపోయేది. నోరు రాలేదు. రాలేదనడం కూడా దొంగమాటే, రానివ్వలేదు.

మిగిలిన గుట్టంతా ఇద్దరం అలాగే కూర్చుని, అలాగే మూగగా చుట్టేశాం. మర్నాడు పొద్దున అన్నదమ్ములు సంచులు సైకిలు మీద వేసుకుని పెద్ద బజారుకు తోసుకెళ్ళారు. చిల్లరకు కటకటగా ఉన్న రోజులు, పచారీ కొట్టు యజమాని గద్దె మీంచి లేచి వచ్చి, వందకు రెండు రూపాయలు పైన వేసి నోట్లు ఇచ్చాడట. ఆ నోట్లతో బియ్యం వచ్చింది. దేవుడి పావలాలు అన్నమై విస్తట్లోకి వచ్చాయి, నేనూ తిన్నాను. ఆ ఏడాదిలోపే బావగారు భార్యను తీసుకుని బాహూరు పొలాల మీదకు వెళ్ళిపోయారు, మా ఆయనకు సేదరపేట్ ఫ్యాక్టరీలో పని దొరికింది. తరవాత పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఒకే పందిరి కింద ఎన్నిసార్లు కూర్చున్నామో, ప్రతిసారీ మధ్యలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకునే కూర్చున్నాం.

సంత నుంచి వచ్చిన మూడో రోజు బాహూరు బస్సెక్కాను. మనసు కరిగిందని అనుకోకండి, కొండకు వెళ్ళే తేదీ దగ్గరపడుతోంది, అంతే. ఆమె వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, తలంతా నెరిసిపోయింది, మోకాళ్ళకు నూనె గుడ్డలు చుట్టి ఉన్నాయి. కూర్చోమనలేదు. కూర్చున్నాను. ‘అక్కా, ఎన్ని?’ అన్నాను. ఏమిటని ఆమె అడగలేదు. ‘ముప్పై అయిదేండ్లు పట్టిందా నీకు అది అడిగేదానికి’ అంది. మోకాలి గుడ్డ సర్దుకుంటూ, ‘బిడ్డ ఆస్పత్రిలో ఎన్నినాళ్ళుండె? తల్లివి, నీకు తెలీదా? దినానికొక పావలా యేస్తి’ అంది.

పదమూడు రోజులు. ఆ పదమూడు రోజుల్లో ఏ రోజున దాని కళ్ళు ఎంత పచ్చగా ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసని నేను ఇన్నేళ్ళు తిట్టుకున్న సంఖ్య నా దగ్గరే ఉంది.

సంచీ విప్పి పావలాలు వరండా గట్టు మీద పోశాను. ఆమె ఒకటి తీసి, కొంగుకేసి రుద్ది చూసింది. ‘ఎంతకి?’ అంది. ఇరవై అన్నాను. ‘మోసపోతివి’ అంది. ఆ రుద్దడం చూసి నాకు పుట్టినరోజు నాటి కోపం మొత్తం మళ్ళీ వచ్చింది, లేచి వచ్చేద్దామనిపించింది. ఈలోగా ఆమె పదమూడు పేర్చి, మిగిలిన ఆరింటినీ నా వైపు తోసేసి, లోపలి నుంచి గుడ్డా పసుపూ తెప్పించి తడిపి కట్టడం మొదలుపెట్టింది. ముడి నేను వేస్తానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. ‘నువ్వు యేస్తే వదులైపోతాది’ అంది.

మిగిలిన ఆరు పావలాలూ ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి, ఏ అంగడిలోనూ చెల్లవు. మా వీధి చివర ఇడ్లీ బండికి కూడా గళ్ళ బొమ్మ ఉన్న అట్ట వేలాడుతోంది, తిన్నవాళ్ళు ఫోను దానికి చూపించి పోతారు, ఇచ్చేవాళ్ళు పుచ్చుకునేవాళ్ళ మొహం చూడక్కర్లేదు. చిల్లర గొడవ తప్పింది, మంచిదే. కానీ పడనివాళ్ళిద్దరిని ఒక గుట్టకు అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టే పని ఇళ్ళల్లో ఇప్పుడేదీ మిగల్లేదు. పడకపోతే ఎవరి గది తలుపు వాళ్ళు వేసుకుంటారు, అవతలి మనిషి నడుములో ఏం దాచుకుందో ఎప్పటికీ తెలియకుండానే బతికేస్తారు. నాకు ఆమె అంటే ఇప్పటికీ పడదు. ఆమెకూ నేనంటే పడదు. పడనిదాని బిడ్డ కోసం పదమూడు రోజులు రోజుకొక పావలా తీసి దాచింది.