ఆలస్యం ఎందుకని అడిగే ఆఫీసుకు పోయొచ్చాను

"రేపట్నుంచి నువ్వు పనికి పోయేది లేదు. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే పని ఏం పనే అది?"

"నా పని అయిదుకే అయిపోతాది జేజీ. దాన్ని ఇంకొకరు చూసి సరే అనేదాకా కాసుక్కూచోవల్ల. నమ్మకపోతే వచ్చి చూడు."

"వస్తా. నాకు నచ్చకుంటే ఆణ్ణుంచే పిల్చుకొస్తా."

రేష్మా నా కొడుకు కూతురు. అనంతపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది.

మరునాడు ఎనిమిదిన్నరకు శింగనమలలో బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్లకు టికెట్టు ఊరికే ఇస్తారు. మరిచిపోతే మాత్రం దుడ్లు పెట్టాల్సిందే. పక్కన టమాటా బుట్ట పెట్టుకున్నామె అడిగింది.

"యాడికి పోతాండావు అవ్వా?"

"మనవరాలి ఆఫీసు చూసేదానికి."

"మా అల్లుడిదీ అదే పని. ఎప్పుడు ఫోను చేసినా మీటింగులో ఉండా అంటాడు."

ఆఫీసు మందులంగడి పైన ఉంది. పోయేవాళ్లు దుప్పటి తీసుకుపోండి, లోపల ఏసీ చలి. మేనేజరు బక్కపలచని పిల్లవాడు, మర్యాదస్తుడు.

"మంచిరోజు వచ్చినారు అవ్వా. పని ఎందుకు ఆలస్యమవుతాందో కనుక్కునే మీటింగు ఈ పొద్దే" అని నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎందుకని అయిదుసార్లు అడిగితే అసలు వేరు బయటపడుతుందట.

"పని ఎందుకు ఆలస్యమైంది?"

"చూసేవాళ్లు చూడలేదు సార్."

"ఎందుకు చూడలేదు?"

"మీటింగులో ఉండారు."

"ఆ మీటింగు ఎందుకు?"

"పని ఎందుకు ఆలస్యమైందో కనుక్కునేదానికి."

ఎవరూ నవ్వలేదు. ఒక్కో జవాబూ పచ్చచీటీ మీద రాసి గోడకంటించారు. మిగిలిన రెండు ఎందుకులు భోజనం తర్వాతకు పెట్టుకున్నారు. కింద హోటల్లో భోజనం ప్రియం. మేము కట్టుకుపోయిన జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తిన్నాం.

తిన్నాక మేనేజరు దగ్గరికి పోయాను.

"మీ వేర్లతో నాకు పనిలేదప్పా. చీకటి పడకముందే పిల్ల ఇల్లు చేరల్ల. లేదంటే ఈ పొద్దే మాన్పిస్తా."

రేష్మా తలెత్తలేదు. ఆ ఉద్యోగం కోసం అది రెండేండ్లు తిరిగింది.

"మాన్పించొద్దు అవ్వా. ఈ మాట మీటింగులో పెడతా" అన్నాడు.

పెట్టాడు. నాలుగున్నరకు తేల్చారు. ఇకమీద సాయంత్రం మీటింగు ఉండదు, అయిదు దాటితే ఎవరూ కూర్చోకూడదు. కళ్లు తుడుచుకుని రేష్మా నా సంచి అందుకుంది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఊళ్లో దిగేసరికి ఇంకా పొద్దు గూకలేదు. పెద్దవాళ్ల మాట విని పద్ధతి మార్చుకునే ఆఫీసు మంచిదే అనుకున్నాను. పని మాననక్కర్లేదని రేష్మాతో కూడా చెప్పాను.

మరునాడు కోడి కూయకముందే రేష్మా తల దువ్వుకుంటోంది. సాయంత్రం మీటింగులన్నీ పొద్దున ఏడింటికి మార్చారట. టార్చిలైటు పట్టుకుని, చీకట్లో బస్సు దాకా నేనే తోడుపోయి ఎక్కించి వచ్చాను.