అరికాలు చూసే మనిషి

మా నర్సింగ్ మేడం పోయారన్న సంగతి నాకు మిర్యాలగూడలో, మధ్యాహ్నం డ్యూటీ తీసుకుంటుండగా తెలిసింది. ఫోన్ చేసింది నా స్నేహితురాలు. సూర్యాపేటలో నాతోపాటు మేడం దగ్గర చదివింది, ఇప్పుడు కోదాడలో స్టాఫ్ నర్సు.

"మేడం పోయిందే, పొద్దున. షుగరు గదా, కాలికి పుండయి రక్తంలకు పాకిందట."

"ఏ కాలు?" అన్నాను.

"ఎడమది," అంది. "గిదేం అడుగుడే నువ్వు?"

ఎందుకు అడిగానో నాకూ తెలియలేదు. షుగరు, పుండు అనే రెండు మాటలు ఒకచోట వింటే ఏ కాలు అని అడగడం మాకు మేడం చేసిన అలవాటే. ఫోన్ పెట్టేశాక వార్డులోకి పోయి నా పని చూసుకున్నాను. ప్రతి మంచం దగ్గరా దుప్పటి కొస ఎత్తి కాళ్ళు చూస్తుంటే, పోయింది ఎవరో అప్పుడు తెలిసొచ్చింది.

మేడం సొంతూరు కోదాడ. ఉద్యోగంలో ఎక్కువ కాలం సూర్యాపేటలోనే, నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతూ, వారిని వార్డుల్లో తిప్పుతూ గడిపారు. కొత్తగా వచ్చిన పిల్లలు రోగి తల దగ్గరికి పోయి నిలబడి నవ్వుతూ పేరు అడుగుతారు. మేడం మాత్రం మంచానికి కాళ్ళ వైపు నిలబడేవారు. ముందు పాదాలు చూసి, తర్వాతే పలకరించేవారు. ఎందుకని ఒకసారి అడిగాం. "ముఖం మనల్ని చూసి సర్దుకుంటుందమ్మా. కాలు సర్దుకోదు," అన్నారు. అంతకు మించి వివరించలేదు. ఆమె మాట పొదుపు.

మా చదువులో ఆఖరి ఏడాది ఒక పరిశోధన చేయాలి. దాని పద్ధతి అందరికీ ఒకటే. రోగులను కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతాం. తర్వాత బొమ్మల చార్టు పెట్టి పాఠం చెబుతాం. కొన్నాళ్ళాగి అవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతాం, అది పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పాఠం చెప్పాక పెరగక ఎక్కడికి పోతాయి? పెరిగాయని రాసి, బైండింగ్ చేయించి, లైబ్రరీలో పెడతాం. అది అక్కడే ఉంటుంది.

మా గుంపుకు వచ్చిన విషయం, షుగరు ఉన్నవాళ్ళు పాదాలను ఎట్లా కాపాడుకోవాలి అన్నది. అప్పుడు వార్డులో సైదమ్మ ఉండేది. నిడమనూరు దగ్గరి పల్లె ఆమెది. వరినాట్లకు పోయే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. కూతురిని సూర్యాపేట పక్కనున్న చివ్వెంలలో ఇవ్వడం వల్ల ఈ దవాఖానకు వచ్చింది. చదువు రాదు కనుక ఆమెకు ప్రశ్నలు నోటితోనే అడిగాం.

"కాళ్ళు ఎట్ల ఉంచుకోవాలె అవ్వా?"

"పొడిగ ఉంచుకోవాలె."

"చెప్పులు లేకుండ నడవొచ్చా?"

"నడవొద్దు. ఇంట్ల గూడ నడవొద్దు."

"అరికాలు ఎట్ల చూసుకోవాలె?"

"అద్దం పెట్టి సూసుకోవాలె. రోజూ."

"మేజోళ్ళు?"

"ముడత పడకుంట తొడగాలె." అని చెప్పి సైదమ్మ తనే నవ్వింది. "నా జన్మల నేను మేజోళ్ళు తొడిగింది లేదు బిడ్డా. మీరు సెప్పిరి, నేను సెప్తున్న."

అన్నీ సరిగ్గా చెప్పిందని చప్పట్లు కొట్టాం. భర్త మంచం పక్కన కూర్చున్న ఒకామె, "ఇగ పాసైనవ్ పో వదినె, రేపు నీకే తెల్లచీర కట్టిస్తరు," అని ఎగతాళి చేసింది. మేడం మా కాగితాలు చూసి బాగుందనే అన్నారు.

నాట్లు అయిపోయాక సైదమ్మ మళ్ళీ వచ్చింది. మేడం కాళ్ళ వైపు నిలబడి దుప్పటి ఎత్తారు. కుడి బొటనవేలు నల్లబడి ఉంది.

"పొడిగా ఉంచుకోవాలని చెప్పావు గదా సైదమ్మా?"

"సెప్పిన మేడం."

"మరి?"

"నాటు మడిల కాలు పొడిగ ఎట్లుంటది?" సైదమ్మ మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అద్దంలో చూసుకోలేదా?"

"మా ఇంట్ల అద్దం గోడల పెట్టి సిమిటి పూసిరి. కాలు ఆడిదాంక లేపుదునా?"

వార్డంతా నవ్వింది. సైదమ్మ కూడా నవ్వింది. మేడం నవ్వలేదు. ఆ వేలు, దాని పక్క వేలు తీసేశారు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మేడం తనే వచ్చి నిలబడేవారు. ఒకరోజు మమ్మల్ని బయటికి పిలిచి, "ఆమె జవాబు తప్పు చెప్పలేదు. మన ప్రశ్న ఆమె ఊరు దాకా పోలేదు," అన్నారు. మాకు ఆ పరిశోధనకు మంచి మార్కులే వచ్చాయి.

అప్పటికే మేడం డాక్టరేటు కోసం ఇదే తీరు విషయం మీద పని చేస్తున్నారు. ఆ తర్వాత ఆమె తన పద్ధతి మార్చుకున్నారు. పాఠం విన్న రోగులు ఇంటికి పోయాక, సెలవు రోజుల్లో బస్సులు పట్టుకుని వాళ్ళ ఊళ్ళకు పోయి కాళ్ళు చూడటం మొదలుపెట్టారు. చూసింది చూసినట్టు రాశారు. పైనున్న గైడుకు అది నచ్చలేదు. "టైటిల్లో పరిజ్ఞానం అని ఉంది, కాళ్ళ దాకా ఎందుకు పోతవమ్మా? పోస్ట్ టెస్ట్ దాకా రాసి ఇచ్చెయ్," అన్నారట. ఈ సంగతి మేడం చాలా ఏళ్ళకు సూర్యాపేట బస్టాండులో, బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు నాకు చెప్పారు.

"మరి ఇచ్చేయకపోయారా మేడం?"

"మార్కులు పెరిగిన మాట నిజమే. పుండ్లు తగ్గలేదన్న మాటా నిజమే. ఒకటి రాసి ఒకటి దాస్తే ఎట్లాగమ్మా?"

ఆ డాక్టరేటు అక్కడే ఆగిపోయింది. ఆమె దాని గురించి బాధపడినట్టు నేను చూడలేదు. బాధపడలేదని మాత్రం చెప్పలేను.

నాకు మిర్యాలగూడలో ఉద్యోగం వచ్చాక ఒక నాట్ల కాలంలో మేడం నన్ను వెంటబెట్టుకుని సైదమ్మ ఊరికి పోయారు. సైదమ్మ ఇక మడిలో దిగడం లేదు. గట్టు మీద నిలబడి నారు కట్టలు అందిస్తోంది. సాయంత్రం ముఠా ఆడవాళ్ళు ఆటో వచ్చేలోపు పిల్లకాలువలో కాళ్ళు కడుక్కుంటున్నారు. మేడం గట్టు మీద కూర్చుని, దగ్గరున్న ఒకామెతో, "కాలు ఇటు పెట్టు," అన్నారు. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

"అయ్యో, మీరు ముడుతరా! పెద్దోళ్ళు సిన్నోళ్ళ కాళ్ళు ముడితే ఆయుస్సు తగ్గుతదంట మేడం."

"ఏసయ్య శిష్యుల కాళ్ళు కడగలేదానె? మేడం గూడ గట్లనే," అంది ఇంకొకామె.

"ఆయనకు టైమున్నది, కడిగిండు. ఈమెకు బస్సు ఎల్లిపోతది."

అందరూ నవ్వారు గాని ఒక్కరూ కాలు ఇవ్వలేదు. అయితే మీలో మీరే ఒకరి కాళ్ళు ఒకరు చూసుకోండి అన్నారు మేడం. అప్పుడు సైదమ్మ కోడలు, "నేను మా అత్త కాళ్ళు మొక్కుత. మా అత్త నా కాళ్ళు మొక్కుతదా? ఈ సూసుడు మాకు కుదరది మేడం," అంది నవ్వుతూ.

మేడం ఆ మాట పట్టుకున్నారు. "మొక్కు మరి. ఇప్పుడే మొక్కు. వంగినప్పుడు అరికాలు తిప్పి చూడు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగింది. సైదమ్మ, "సల్లగుండు," అని దీవించింది. కోడలు అత్త మడమ పట్టుకుని అరికాలు తిప్పి, వేళ్ళ సందులు విడదీసి చూసింది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం ఎట్లాగూ ఉన్నదే. షుగరు ఉన్నది కూడా ఎక్కువగా పెద్దవాళ్ళకే. ఆ పూట ఆటో వాడు హారన్ కొడుతుంటే గట్టు మీద వరసగా మొక్కులు జరిగాయి.

ఆ తర్వాత ఆ ముఠా నుంచి అప్పుడప్పుడు ఒక కోడలో కూతురో పెద్దావిడను వెంటబెట్టుకుని నా వార్డుకు వచ్చేది. ముల్లు గుచ్చుకున్నదనో, బొబ్బ లేచిందనో చూపించేది. పుండు చిన్నగా ఉన్నప్పుడే వచ్చేవాళ్ళు. ఇది రాయండి మేడం అన్నాను. "ఒక్క ముఠాను చూసి రాస్తే అది కథ అవుతుంది, పరిశోధన కాదు," అన్నారు. ఇంకా ఊళ్ళు తిరగాలనుకున్నారు. ఈలోగా రిటైరయ్యారు.

వీడ్కోలు సభ రోజు మేమంతా వరసగా వచ్చి ఆమె కాళ్ళకు మొక్కబోయాం. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని కాళ్ళు చీర కుచ్చెళ్ళ కిందికి లాక్కున్నారు. "వద్దమ్మా, మనుషులకు మొక్కొద్దు. లేవండి." అది ఆమె క్రైస్తవ విశ్వాసం. అంతకుముందు కూడా ఎవరినీ మొక్కనివ్వలేదు. మేం లేచి నిలబడి చేతులు జోడించాం. తర్వాత ఆమె కోదాడ పోయి ఒక్కరే ఉన్నారు.

ఇప్పుడు మా వైపు నాట్లకు ఎక్కువగా బయటి రాష్ట్రాల ముఠాలు వస్తున్నాయి. మగవాళ్ళే వస్తారు. తల్లి, అత్త ఎవరూ వెంట ఉండరు. నాకు వచ్చిన హిందీలో నాలుగు మాటలు చెబుతాను. వాళ్ళు తల ఊపుతారు. తల ఊపితే నమ్మొద్దని మేడం అనేవారు. నమ్మకుండా ఏం చేయాలో నాకు తెలియడం లేదు. వార్డు గోడకు ఉన్న పోస్టరు మాత్రం తెలుగులోనే ఉంది. నర్సింగ్ పిల్లలు ఏటా అదే పరిశోధనతో వస్తారు, అవే ప్రశ్నలు అడుగుతారు, చప్పట్లు కొడతారు. దుప్పటి ఎత్తి చూడండమ్మా అని చెబుతాను. కొందరు ఎత్తుతారు.

మేడం పోయిన మర్నాడు మిర్యాలగూడ బస్టాండులో సైదమ్మ నాకోసం నిలబడి ఉంది. ముందు రోజే కోడలి ఫోనుకు చెప్పాను. ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది ఇప్పుడు. కోదాడ బస్సులో చాలా దూరం పోయాక అడిగింది.

"ఏ కాలు బిడ్డా?"

"ఎడమది."

ఆమె తల ఊపి కిటికీ బయటికి చూసింది.

కోదాడలో మేడం అక్క కూతురు మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. ఈ అక్క కూతురు ఉండేదీ ఆ ఊళ్ళోనే, నాలుగు వీధుల అవతల. ఎవరూ అడగకముందే తనే చెప్పడం మొదలుపెట్టింది. "చర్చి దగ్గర చెప్పులు బయట విడుస్తాం గదండీ. ఆ వేళ ఎండకు బండలు కాలిపోతున్నాయి. మేమంతా పరుగెత్తాం. పిన్ని మామూలుగా నడిచొచ్చింది. షుగరుకు కాళ్ళు మొద్దుబారిపోయి ఆమెకు కాలింది తెలవనే లేదు. ఎడమ అరికాలు నిండా బొబ్బ. అద్దం మంచం కిందే ఉంది, రోజూ చూసుకునేది. కళ్ళకు శుక్లాలండీ. ఆపరేషన్ చేయించుకుంటా అంటూనే ఉంది. వాసన వచ్చేదాకా ఎవరికీ తెలవలేదు. నేను చూస్తా పిన్నీ అంటే కాళ్ళు దగ్గరికి తీసుకునేది."



మధ్యాహ్నం మేడంను ఫ్రీజర్ బాక్సులోంచి తీసి పెట్టెలోకి మార్చారు. బయట పాస్టరు గారు వచ్చారు, పాట మొదలైంది. అప్పటికే తెల్ల చీర కట్టి ఉంచారు. ఎడమ పాదానికి దవాఖానలో కట్టిన కట్టు అట్లాగే ఉంది. దాని మీదుగానే అక్క కూతురు తెల్ల మేజోడు తొడిగింది. రెండోది కుడి కాలికి తొడగబోతుంటే సైదమ్మ ముందుకు వచ్చింది.

"ఆగు బిడ్డా."

పెట్టె అంచు పట్టుకుని కష్టంగా వంగింది. మేడం కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. అరికాలు మీద అరచేయి పెట్టి తుడిచింది. వేళ్ళ సందులు ఒక్కొక్కటే విడదీసి చూసింది. మడమ కింద చూసింది. అక్క కూతురు మేజోడు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఈ కాలు మంచిగనే ఉన్నది," అంది సైదమ్మ, నా వైపు చూసి.

తర్వాత చేయి చాపి మేజోడు తీసుకుంది. ఎటు నుంచి తొడగాలో తెలియక ఒకసారి అటూ ఇటూ తిప్పింది. వేళ్ళకు ఎక్కించి, మడమ దాకా మెల్లగా లాగి, ఎక్కడా ముడత లేకుండా వేలితో సర్దుతూ కూర్చుంది. బయట పాట అయిపోయినా ఇంకా సర్దుతూనే ఉంది.