కట్టని చీరల లెక్క

సూరత్‌లో నీ పనేమిటని ఎవరైనా అడిగితే, జోస్యం చెబుతానంటాను. అబద్ధమేమీ కాదు. సలాబత్‌పురాలో ఒక టోకు చీరల వ్యాపారి దగ్గర, వచ్చే సీజన్‌లో ఏ ఊరికి ఏ రకం చీరలు ఎన్ని కావాలో ముందే చెప్పడం నా ఉద్యోగం. కొన్నేళ్ల బిల్లులన్నీ కంప్యూటర్‌కు ఎక్కించాను. వాటితోపాటు పండుగలు, వానలు, మన పంచాంగంలోని ముహూర్తాలు, మూఢాలు కూడా ఇచ్చాను. పాత అమ్మకాల్లో దేని వెనక ఏది వస్తుందో అది తనంతట తానే నేర్చుకుని రాబోయే గిరాకీ చెబుతుంది. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. తయారుచేసింది నేనే కాబట్టి నాకు అందులో ఆశ్చర్యం లేదు.

ఒక ఏడాది మాత్రం వింత మాట చెప్పింది. తెలుగు జిల్లాలకు మేం పంపే సరుకులో పెద్ద భాగం పెట్టుబడి చీరలు. పెళ్లికో గృహప్రవేశానికో వచ్చిన ఆడవాళ్లకు బొట్టు పెట్టి చేతిలో పెడతారే, ఆ చవక చీరలు. అంతకుముందు ఏడాది ముహూర్తాలు దండిగా ఉండి అవి విరగబడి అమ్ముడుపోయాయి. ఈ ఏడాదీ ముహూర్తాలకు లోటు లేదు. అయినా మెషీన్ పోయినేటి సరుకులో సగం చాలంది.

మా గుజరాతీ శేఠ్ నవ్వాడు. ఆడవాళ్లను బెన్, అంటే అక్కా, అనే పిలుస్తాడు. తన హిందీలో, "పెళ్లిళ్లుంటే చీరలు పోతాయి బెన్, దానికి కంప్యూటర్ ఎందుకు?" అన్నాడు. చీరల బట్టకు రంగులు వేయించడానికి పాండేసర మిల్లులో బుక్ చేసే సమయమది. "సోమవారానికి కారణం చెప్పు. కారణం చెప్పలేని మెషీన్‌ను నమ్మి వ్యాపారం చెయ్యను. చెప్పలేకపోతే మొత్తం బట్టా పెట్టుబడి చీరలకే వేయిస్తా, నువ్వు బిల్లింగ్‌లో కూర్చో."

నాకు ఒళ్లు మండింది. లెక్క తప్పు కాదని నాకు తెలుసు. పాత సీజన్లు తిరగేస్తే, ముహూర్తాలు దండిగా ఉన్న ఏడాది తర్వాత ప్రతిసారీ ఈ చీరల అమ్మకం పడిపోయింది. ఎందుకు పడిందో మాత్రం ఎంత తల గోక్కున్నా తట్టలేదు.

ఆ ఆదివారం సూరత్‌లోనే, మన తెలుగువాళ్లుండే పర్వత్ పాటియాలో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. మా చీరలకు ఇంటి దగ్గర లేసులు కుట్టే సిరిసిల్ల ఆవిడ కొత్త ఇంట్లో పాలు పొంగించింది. భోజనాలయ్యాక నాకు బొట్టు పెట్టి చేతిలో చీర పెట్టింది. చిలకపచ్చ చీర, పసుపు అంచు, అంచు మీద మామిడి పిందెలు. చూడగానే గుర్తుపట్టాను. అంతకుముందు ఏడాది పట్టుబట్టి నేను ఎక్కువ వేయించిన డిజైన్ అది. కవరు కూడా చిరగలేదు, లోపల మా నంబరు చీటీ అలాగే ఉంది.

"ఇదెక్కడ కొన్నారు?" అని అడిగాను.

"గివి కొంటరా అక్కా?" అని నవ్వింది. "సిరిసిల్లల మా ఆడిబిడ్డ పెట్టింది. ఆమెకు కరీంనగర్‌ల ఎవలో పెట్టిండ్రట."

"మీరు కట్టుకోలేదేం?"

"గివి ఎవలు కడ్తరు? వస్తయి, పోతయి. ఇచ్చినోళ్లకే మళ్ల ఇయ్యకుంట చూస్కోవాలె, గంతే."

నవ్వు ఆపుకోలేకపోయాను. నా బీరువాలోనూ అడుగు అర నిండా ఇలాంటివే. ఒకసారి మా పెద్దమ్మ పెట్టిన చీర ఆవిడకే పెట్టి ఇప్పటికీ మాటలు పడుతున్నాను. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఒక ఏడాది పెళ్లిళ్లు ఎక్కువైతే బీరువాలు నిండుతాయి. మరుసటి ఏడాది ఆ చీరలే మళ్లీ బయటికొచ్చి ఇల్లిల్లూ తిరుగుతాయి, కొత్తవి కొనే అవసరం తగ్గుతుంది. మెషీన్‌కు బీరువాల సంగతి తెలియదు గానీ, వాటి ఫలితం బిల్లుల్లో పట్టేసింది.

సోమవారం శేఠ్‌కు ఇదంతా చెప్పాను. వెంటనే ఇంటికి ఫోన్ చేసి గుజరాతీలో భార్యను ఏదో అడిగి పెట్టేశాడు. "మా ఇంట్లోనూ ఒక అల్మారా నిండా ఉన్నాయట," అన్నాడు. పెట్టుబడి చీరలు సగమే వేయించి, మిగిలిన బట్టకు లేసులు కుట్టించి రోజూ కట్టే చీరలు చేద్దామన్నాను. సరేనన్నాడు.

సీజన్ నడుస్తున్నన్నాళ్లూ ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న, భయంగా లేదా అని. కారణం దొరికాక భయం దేనికి? చివరికి చుట్టుపక్కల దుకాణాలకు పెట్టుబడి చీరల బేళ్లు తిరిగొచ్చాయి, మెట్ల మీద కూడా పేర్చుకున్నారు. మా గోదాం ఖాళీ. శేఠ్ నన్ను మెచ్చుకోలేదు. "దీపావళి లెక్క ఎప్పుడిస్తావు బెన్?" అన్నాడు. మెచ్చుకున్నా అంత సంతోషం కలిగేది కాదు.

చిలకపచ్చ చీరను నేనూ ఎవరికో పెట్టడానికే దాచాను. ఆ వారం తీసి విప్పాను. మడతల దగ్గర కాస్త రంగు వెలిసింది, మిగతాదంతా కొత్తదే. అన్ని ఇళ్లు తిరిగి ఒక్కరి ఒంటి మీదికీ ఎక్కలేదని జాలేసింది. కట్టుకుని, లేసు చీరలు తెచ్చుకోవడానికి పర్వత్ పాటియా వెళ్లాను.

ఆవిడ కుట్టుమిషను ఆపి చూసింది. "నేను పెట్టిందేనా అక్కా?"

"అదే."

లేచొచ్చి నా కొంగు చేతిలోకి తీసుకుంది. "మంచిగనే ఉన్నది. నేను ఇప్పి గూడ సూడలే." అంచు మీది మామిడి పిందెల మీద వేలు పోనిచ్చింది. "గసువంటిది ఇంకోటి ఉంటదా మీ దగ్గర? పెట్టనీకి గాదు, నేను కట్టుకోనీకి."

లేదని చెప్పాల్సివచ్చింది. ఒక్కటి కూడా మిగలకుండా అమ్మానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నది నేనే. మర్నాడు దీపావళి లెక్కలో ఆ డిజైన్‌ను మళ్లీ చేర్చాను, ఈసారి కట్టే చీరల్లో.