గోడకంటించిన వాగ్దానం

బైబిలు నిజమని ఎట్లా నమ్మావని అడిగితే మా గుడి వాళ్ళు ఉత్సాహంగా లేచి సాక్ష్యం చెబుతారు. ఒకాయనకు పక్షవాతం తగ్గిందంటాడు, ఒకామెకు పెళ్ళైన ఎన్నాళ్ళకో కడుపు పండిందంటుంది. తగ్గినవాళ్ళందరికీ వందనాలు. మా ఇంట్లో మాత్రం తగ్గలేదు. నేను నమ్మింది ఆ తగ్గని చోటనే. అందుకే నన్నెవరూ సాక్ష్యం చెప్పమనరు. ఒకసారి మొదలుపెడితే సగంలోనే పాట ఎత్తుకున్నారు.

జువ్వలదిన్నెకు ఇవతల, ఉప్పు పండించే కయ్యల పక్కన మా పేట. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు. నేను పేట బడిలో పంతులమ్మను. అమ్మకు అక్షరం ముక్క రాదు. తమ్ముడు ఉప్పు కయ్యల్లో పనిచేసేవాడు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో వాడికి దగ్గు పట్టుకుంది. ఉప్పుగాలికి అనుకున్నాం. తువ్వాలు మీద నెత్తురు కనబడ్డాక నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతే క్షయ అన్నారు. ఆ జబ్బుకు అప్పటికి సూదులు వచ్చేశాయి. మానకుండా వేయించుకుంటే బతుకుతాడని డాక్టరమ్మ చెప్పింది. ఆ "మానకుండా" అన్న మాటను ఒత్తి ఒత్తి చెప్పింది.

వాణ్ణి అక్కడే ఉంచాం. క్రిస్మసు నాటికి మొహం తేటపడింది, బుగ్గల మీద కాస్త కండ పట్టింది. పండగ చూసుకుని కొత్త సంవత్సరం అయిన మర్నాడే వస్తానని డాక్టరమ్మను బతిమాలి ఇంటికి వచ్చాడు.

కొత్త సంవత్సరం నాడు వాగ్దానాలు తీయడం మా గుడి ఆచారం. పాస్టరమ్మ గారు ముందు నుంచే బైబిల్లో మంచి మంచి మాటలు ఏరి, రంగు అట్టల మీద గుండ్రటి అక్షరాలతో రాసి, కత్తెరతో ముక్కలు చేసి పళ్ళెంలో బోర్లించి పెట్టేవారు. ఆరాధన అయ్యాక ఇంటికొకరు కళ్ళు మూసుకుని ఒక అట్ట తీసుకోవాలి. ఏడాది పొడుగునా ఆ ఇంటికి దేవుడి మాట అదే. ఒకరికి సంతానం వచ్చేది, ఒకరికి పాడిపంటలు వచ్చేవి. కీడు మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. పళ్ళెంలో ఉంటే గదా రావడానికి!

ఆ ఏడు అమ్మ గులాబీ రంగు అట్ట తీసి నా చేతికిచ్చింది. ఎవరో ఒక తండ్రితో, నీ కొడుకు బతికాడు పొమ్మని ప్రభువు అన్న మాట అందులో ఉంది. చదివి వినిపించగానే అమ్మ గుడి చాప మీద కూలబడి ఏడ్చింది. ఇంటికొచ్చి అన్నం మెతుకులు మెదిపి దాన్ని తమ్ముడి మంచం తలాపున గోడకు అంటించింది.

"రేపు బస్సుకు బయల్దేరాలి గదా, వాడి బట్టలు సర్దుతాను" అన్నాను.

"ఎందుకుమే? బతికినాడని దేవుడే చెప్పినాక డాక్టరమ్మ ఏంది చెప్పేది?"

"అది ఇంకెవరి కొడుకు గురించో అన్న మాటమా."

"అయితే నా చేతికెందుకు వచ్చింది? పళ్ళెంలో అన్నుండగా?"

తమ్ముడు మంచంలోంచి నవ్వి, "నువ్వు పంతులమ్మవేగానీ పాస్టరమ్మవు కాదులే అక్కా" అన్నాడు. వాడికి సూదులంటే మొదటి నుంచీ హడల్. తప్పించుకోవడానికి సందు దొరికింది. నేను అరిచాను, అన్నం మానేశాను, చివరికి పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్ళి మీరైనా చెప్పండని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన వచ్చి ప్రార్థన చేసి, వాకిట్లో నాతో, "ఆ తల్లి విశ్వాసాన్ని నేనెట్లా చెడగొట్టేదిమా?" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఎండలు ముదిరేసరికి వాడు మళ్ళీ ఎముకల గూడయ్యాడు. అప్పుడు అమ్మే పరుగెత్తి బండి మాట్లాడింది. డాక్టరమ్మ వాడి వీపు మీద గొట్టం పెట్టి విని, మమ్మల్ని తిట్టను కూడా తిట్టలేదు. దాంతో నాకు అర్థమైపోయింది. ఇంటికి తీసుకొచ్చాం. ఆఖరి రోజుల్లో, ఆ గోడ కనబడకుండా మంచం తిప్పమన్నాడు. అంతకు మించి అమ్మను ఒక్క మాట అనలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ గంజి చల్లారుస్తుండగా పోయాడు.

ఓదార్చడానికి పేటంతా వచ్చింది. మంచిచోటికే పోయినాడులే అన్నారు. దేవుడికి కావలసి తీసుకున్నాడన్నారు. ఇంట్లో ఎవరికో సందేహం ఉండుంటుందని నా వంక చూశారు. ఒళ్ళు మండిపోయింది. మీ నోళ్ళు పడిపోను అని మొహానే అనేశాను. ఆ తర్వాత నేను బైబిలు తెరవలేదు. గుడికి అమ్మ ఒక్కతే వెళ్ళి వెనక కూర్చుని వచ్చేది.

ఒకరోజు అమ్మ ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"బిడ్డ బతకనోళ్ళ మాట యాడన్నా ఉందేమో చూడుమే. ఇంత లావు పుస్తకంలో మనట్టా ఒక్కరన్నా ఉండరా?"

లేదని రుజువు చేసి ఆమె నోరు మూయించాలనే తెరిచాను. అంత కసి ఉంది నాకు. కీర్తనల్లో వెతుకుతుంటే ఒకటి దొరికింది. అందులో ఒకడు పగలూ రాత్రీ మొరపెడుతుంటాడు. దేవుడు పలకడు. అయినవాళ్ళు దూరమవుతారు. చీకటి దగ్గర ఆ పాట ఆగిపోతుంది.

"తర్వాత?" అంది అమ్మ.

"అంతేమా. అయిపోయింది."

"దేవుడేం చెప్పలేదా?"

"చెప్పలేదు."

"సరింగా చూడు, అవతలి పక్కన ఉంటుందేమో."

పేజీ తిప్పాను. వేరే కీర్తన మొదలైంది. అమ్మ గోడ మీది గులాబీ అట్ట వైపు చూసింది. "నా చేత్తోనే గదమే తీసినాను ఆ అట్ట" అంది. వాణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకున్నాక, "ఈ పాట రాసినోడు అబద్ధమాడలేదు" అంది.

నేను నమ్మడం అక్కడే మొదలైంది. మమ్మల్ని ఓదార్చినవాళ్ళందరూ చివర్లో ఏదో ఒక తీపి మాట అంటించిపోయారు. ఆ పాటకు ఎవరూ ఏమీ అంటించలేదు. జనాన్ని మభ్యపెట్టడానికి రాసిన పుస్తకమైతే ముందుగా దాన్నే తీసిపారేసేవాళ్ళు. ఇన్ని తరాలవాళ్ళు దాన్ని అట్లాగే ఉంచారు. కత్తెర పట్టింది మేము. ఇది తెలిసినందువల్ల మా తమ్ముడు తిరిగి రాలేదు, నా గుండె బరువు తగ్గలేదు. నమ్మకం వేరు, నెమ్మది వేరు. రెండోది నాకు ఇప్పటికీ దొరకలేదు.

మళ్ళీ కొత్త సంవత్సరం వచ్చింది. ఆ రోజు అమ్మతో నేనూ గుడికి వెళ్ళాను. పళ్ళెం మా దగ్గరకు వచ్చినప్పుడు అమ్మ చెయ్యి పెట్టలేదు.

"మా పాట ఉందా అమ్మా ఇందులో?" అని అడిగింది.

ఏ పాటో నేను చెప్పాను. పాస్టరమ్మ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అది వాగ్దానం కాదు గదమ్మా" అన్నారు.

"అయితే మాకొద్దులేమ్మా."

ఇంటికొచ్చి అమ్మ కొడవలి మొనతో గులాబీ అట్టను గీకింది. అట్టతో పాటు సున్నం కూడా పెచ్చుగా ఊడి, మట్టి బయటపడింది. చేతులు కడుక్కొచ్చి నా ఎదురుగా కూర్చుని చదవమంది. చివరిదాకా చదివి, చీకటి దగ్గర ఆగాను.

"ఆమెన్" అంది అమ్మ.