పిడి ఉన్న గాలి

మా టీచరు గారు పోయారని అమ్మ ఫోన్ చేసేసరికి నేను కాకినాడలో మా అద్దింటి కిటికీలు మూసుకుంటున్నాను. సముద్రం మీద గాలి లేచింది. ఉద్యోగం చేసుకుంటున్నదాన్నే, అయినా గాలి లేస్తే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. "పడక్కుర్చీలోనే పోయారంటమ్మా. తలుపు తీసే ఉంది" అంది అమ్మ. తీసే ఉంటుందని నాకు తెలుసు. ఎందుకో చెప్తాను.

తొంభయ్యారు తుఫానప్పుడు కోనసీమలో ఉన్నవాళ్లకి ఆ చప్పుడు గురించి చెప్పక్కర్లేదు. లేనివాళ్లకి చెప్పడం నావల్ల కాదు. నాకు పదేళ్లు. నాన్న తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. అమ్మ నన్ను మంచం కిందికి తోసింది. మా ఇంటి పెంకులు వరస వరసే లేచిపోయాయి. మేం ముగ్గురం బతికాం గానీ ఆ ఊళ మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. ఆ తర్వాత కొబ్బరాకు గట్టిగా కదిలితే చాలు, మంచం కిందికి దూరేదాన్ని. గాలి ఉన్న రోజు నాకు బడి లేదు. రెండేళ్లు ఇదే వరస. ఏడో తరగతికొచ్చాక నాన్న విసిగిపోయి, బడి మానిపించేస్తానన్నాడు. నాకు లోపల హాయిగా అనిపించింది. చెప్పుకోడానికి సిగ్గే, కానీ నిజం.

ఒప్పుకోనిది టీచరు గారే. ఆవిడ బడిలో లెక్కలు చెప్పేవారు, ఆదివారం మా చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఒక్కరే ఉండేవారు. తిత్తి చిరిగితే సైకిలు ట్యూబు ముక్క అంటించి అదే హార్మోనియం వాయించేవారు తప్ప కొత్తది అడిగి ఎరగరు.

"మానిపించడమేంటండి?" అన్నారు నాన్నతో.

"దానికి భయమండి. ఏం చెయ్యమంటారు?"

"నాకూ భయమేనండి. నేను మానేశానా? ఈ ఏడాది నాకొదిలెయ్యండి."

ఆవిడకి భయమేంటని అప్పుడు నమ్మలేదు. పెద్దవాళ్లు ఊరికే అంటారనుకున్నాను.

ఆ నెల్లోనే మిషన్ పెట్టె వచ్చింది. ఏటా విదేశాల నుంచి మా చర్చికి ఒక పెట్టె వచ్చేది. పాత కోట్లు, బొమ్మల పుస్తకాలు, కీర్తనల కేసెట్లు. కోట్లు వేసుకునే చలి మా ఊళ్లో ఏనాడూ పడలేదు గానీ కేసెట్ల కోసం టీచరు గారు కాచుక్కూర్చునేవారు. ఈసారి వచ్చిన వాటిలో ఒకదాని మీద మాకు తెలియని భాషలో రాసుంది. ఏ దేశపు కీర్తనలైనా కీర్తనలే కదా అని, ముందుగా వినకుండానే ఆదివారం ఆరాధనలో మైకుకి కలిపి పెట్టేశారు.

ముందు గరగర. తర్వాత ఏదో అడుగునుంచి మూలిగినట్టు మొదలై, అంతకంతకూ పైకి లేచి ఊళ పెట్టింది. అదే ఊళ. చర్చి మొత్తం ఒక్కసారి లేచింది. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. ఒకాయన స్తంభాన్ని కావలించుకున్నాడు. నేను బెంచీ కింద ఉన్నాను, లంగా తడిసిపోయింది. బయట ఎండ మండిపోతోంది, ఆకు కదలడం లేదు, అయినా ఎవరూ ఆగలేదు. టీచరు గారు టేపురికార్డరు పక్కనే కొయ్యబారి నిలబడ్డారు. చివరికి పాస్టరు గారొచ్చి ఆపారు.

"ఆ కేసెట్టు కాలవలో పారెయ్యండమ్మా" అన్నారాయన. ఆవిడ తలూపి, దాన్ని చేతిసంచిలో వేసుకున్నారు.

తర్వాతి శనివారం నన్ను బస్సెక్కించి రాజమండ్రిలో పెద్ద లైబ్రరీకి తీసుకెళ్లారు. ఇంగ్లీషు సంగీత నిఘంటువులు ముందేసుకుని, కేసెట్టు మీది అక్షరాలతో పోల్చుకుంటూ మధ్యాహ్నం దాకా వెతికారు. దొరికింది, కేసెట్టు మీదున్న పేరు. ఇటలీలో ఒకాయన, అసలు బొమ్మలు గీసేవాడట, ఎనభై ఏళ్ల కిందటే ఫ్యాక్టరీల రొదా, గాలి హోరూ కూడా సంగీతమేనని పెట్టెలు చేయించాడు. ఫోటోలో ఆ పెట్టెలకి ముందు గొట్టాలు, పక్కన తిప్పే పిడులు ఉన్నాయి. కచేరీకి వచ్చినవాళ్లు ఆయన మీద కేకలేసి కొట్లాటకి దిగారట. "మనవాళ్లే నయం, పారిపోయి ఊరుకున్నారు" అని టీచరు గారు నవ్వారు. ఇంకొకాయన రేవు పట్నంలో ఎత్తయిన చోటెక్కి జెండాలూపుతూ ఓడల కూతలూ ఫ్యాక్టరీ కూతలూ కలిపి వాయింపించాడట. ఆవిడ అన్నీ నోట్సు రాసుకున్నారు. నేను మాత్రం ఆ ఫోటో వంక మళ్లీ చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"ఏవమ్మా, చూసావా?" అన్నారు వేలు పెట్టి చూపిస్తూ. "దీనికి పిడి ఉంది."

ఆ పెట్టెలు తర్వాత యుద్ధంలో పోయాయట. ఆవిడ మా ఊరి వడ్రంగి మేస్త్రి దగ్గర కూర్చుని ఒకటి చేయించారు. చెక్కపెట్టె, లోపల పాత డప్పు చర్మం, దానికి బిగించిన తీగ, ఆ తీగని రాసుకుంటూ తిరిగే చక్రం, ముందు పగిలిన మైకు గొట్టం. మేస్త్రి మొదటిసారి తిప్పి చూసి, వెంటనే పిడి వదిలేసి రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు.

రోజూ సాయంత్రం బడయ్యాక వాళ్లింటికెళ్లాలి. మొదటి వారం వీధి గుమ్మం దాటలేదు. తర్వాత ఆవిడ నా చేతిని పిడి మీద పెట్టి, పైన తన చెయ్యి వేశారు. ఆ చెయ్యి నా చేతికన్నా ఎక్కువ వణుకుతోంది.

"మీకూ భయమాండి?"

"తుఫానప్పుడు గాలికి తలుపు బిగుసుకుపోయింది. తెల్లారేదాకా తెరుచుకోలేదు. అప్పట్నుంచి తలుపేసుకుని పడుకున్నదాన్ని కాదు. మొన్న చర్చిలో బటను నొక్కితే అయిపోయేది. చెయ్యి లేవలేదే అమ్మా."

అప్పుడు చూశాను, వీధి తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టిన సన్నికల్లు.

ఇద్దరం కలిసి తిప్పాం. ఊళ లేచింది. నాకు ఏడుపొచ్చింది. "తిప్పేది నువ్వే. ఆపేదీ నువ్వే. ఆపి చూడు" అన్నారు. ఆపాను. ఆగింది. బయట ఎవరో గేదెని అదిలిస్తున్నారు. ఆ రోజు అన్నం ఎక్కువ తిన్నానని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. భయం పోయిందనుకోకండి. భయపడుతూనే బడికి వెళ్లాను, కాలేజీకి వెళ్లాను, గాలి లేచిన రోజుల్లో జేబులో చెయ్యి పెట్టుకుని లేని పిడిని తిప్పి, ఆపి, పరీక్షలు రాశాను. ఆ కేసెట్టు మాత్రం ఆవిడ మా ఊళ్లో మళ్లీ ఎవరికీ వినిపించలేదు.

మర్నాడు ఊళ్లో ఆవిడ సమాధి దగ్గర ప్రార్థనయ్యాక వాళ్లింటికెళ్లాను. సన్నికల్లు అక్కడే ఉంది. పెట్టె బల్లకింద, పాత చీరముక్క కప్పుకుని ఉంది. తీగ బాగా పలకడానికి చక్రానికి పూసే గుగ్గిలం కొత్తగా రాసుంది. ఈ మధ్యే ఒక్కరూ కూర్చుని తిప్పుకున్నారన్నమాట. కింద కూర్చుని పిడి పట్టుకున్నాను. ఊళ లేచింది. వసారాలో మాట్లాడుకుంటున్నవాళ్లు మాటలు ఆపేశారు. "ఏంటే అది, చాల్లే, ఆపు" అంది అమ్మ గుమ్మంలోంచి.

ఆపొచ్చు. ఆపేది నేనే. కానీ ఆపితే ఆ ఇంట్లో ఇంకేం వినపడదు. భుజం లాగేస్తున్నా తిప్పుతూనే ఉన్నాను.